ఎడమ చెవి ఆఫీసుది

హలో అక్కయ్య ఏ వస్తువునూ రిపేరు కొట్టులో వదిలి వెళ్ళే మనిషి కాదు. గడియారం ఆగిపోతే గడియారాలాయన ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంటుంది. చెప్పు తెగితే కుట్టేవాడి సూదిమీద నుంచి చూపు తిప్పదు. కుట్టుమిషనుకు నూనె వేయించినా, వేసింది నూనేనా కాదా అని వేలికి రాసుకుని వాసన చూస్తుంది. కళ్ళముందు జరిగితే పని, చాటున జరిగితే మోసం అన్నది ఆమె సిద్ధాంతం. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకమని వీధి అంతా చెప్పుకుంటారు. ఆ మాట ఆమె చెవిన కూడా పడింది. పొగడ్త కిందే జమ వేసుకుంది.

అలాంటి మనిషి ఆ ఉదయం తన ప్లేయరును చేతిగుడ్డలో చుట్టి మెకానిక్కు దగ్గరికి తీసుకొచ్చింది. ఆమెను చూడగానే అతని మొహంలో నవ్వు కాస్త పల్చబడింది. దొంగకు తేలు కుట్టినట్టు చూస్తాడేం అనుకుంది హలో అక్కయ్య.

మెకానిక్కు కొట్టు మేడమెట్ల కింద దూర్చిన గది. మనిషి నిలబడితే తల మెట్లకు కొట్టుకుంటుంది కాబట్టి అతను ఎప్పుడూ కూర్చునే ఉంటాడు. బల్లమీద మెడ వంచుకున్న దీపం, మందు డబ్బాల్లో మరలు, ప్రాణం పోయిన ఫోన్ల గుట్ట, నల్లగా కాలిన మచ్చలున్న రబ్బరు చాప. నడివయసువాడు. ముక్కు చివరికి జారిన కళ్ళజోడు మీదుగా చూస్తాడు.

"ఏమైందమ్మా?"

"కరకరలాడుతోంది. తీగ కదిపితే గొంతు పోతుంది, బొటనవేలితో నొక్కిపెడితే వస్తుంది. అది చాలదన్నట్టు ఎడమపక్క బాగా తగ్గిపోయింది. ఎవరో చెయ్యి పెట్టారు దీంట్లో."

"ఎవరు పెడతారమ్మా?"

"అది తెలిస్తే నీదాకా ఎందుకొస్తాను?"

"సరే, వదిలి వెళ్ళండి. సాయంత్రానికి చేసి ఉంచుతాను."

"కూర్చుంటాను," అంది ఆమె, అప్పటికే కూర్చుని.

ప్లేయరంటే అరచేతిలో ఇమిడే చిన్న పెట్టె. రేడియో వస్తుంది, పాటలూ దాచుకోవచ్చు. ఉద్యోగం విరమించిన రోజున తోటి ఆపరేటర్లు తలా కాస్త వేసుకుని కొనిపెట్టారు. రెండు చెవులూ మూసుకునే పెద్ద హెడ్‌ఫోన్ కూడా దానికి జోడించారు. అందుకున్న వెంటనే తిరగేసి చూసి, "ఇది ఎవరో వాడేసింది కాదు కదా?" అని అడిగింది. వాళ్ళు ఆమెతో ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చున్నవాళ్ళు కాబట్టి నవ్వి ఊరుకున్నారు.

మెకానిక్కు ముందు హెడ్‌ఫోన్ పుల్లను లాగి, అది దూరే రంధ్రంలోకి దీపం వంచి చూశాడు. వంకర సూది ఒకటి తీసి మెల్లగా కెలికాడు. ఉండగా చుట్టుకున్న నీలంరంగు నూగు బయటికొచ్చింది.

"ఇది నాది కాదు," అంది హలో అక్కయ్య వెంటనే.

అతను నూగును చూశాడు. తరువాత ఆమె వేసుకున్న నీలం స్వెట్టరు జేబును చూశాడు. "ప్లేయరు జేబులో పెట్టుకుంటారామ్మా?"

"జేబులున్నది ఎందుకు మరి?"

వెనక మూత విప్పాడు. విప్పిన మరలు డబ్బాలో వేయబోతే, ఆమె అరచెయ్యి చాపి అందులో పోయించుకుంది. డబ్బాలో కలిస్తే ఏది ఎవరిదో ఏ దేవుడికి తెలుసు! లోపల పచ్చటి పలకమీద, తీగపుల్ల వచ్చి కూర్చునే చోట, అతుకు బీటలిచ్చింది. అతను పెద్ద అద్దం ఆమె చేతికిచ్చి చూపించాడు. వెంట్రుకకన్నా సన్నటి గీత. తీగ కదిలినప్పుడల్లా ఆ అతుకు కలుస్తూ విడిపోతూ ఉంది, కరకర అదే. వేడికడ్డీ ఆనించి పాత సీసం కరిగించి, కొత్తది చుక్కంత పెట్టాడు. సన్నటి పొగ లేచింది. ఆమె ఆ పొగను కూడా అనుమానంగానే చూసింది.

మూత బిగించాక అక్కడే పెట్టుకుని వింది. తీగను ఇటు లాగింది, అటు మెలిపెట్టింది. కరకర మాయమైంది. బయట రోడ్డుమీద లారీ ఒకటి వెనక్కి వస్తూ అరుస్తోంది, ఎడమా కుడీ సంగతి సరిగా తేలలేదు. తప్పు దొరకనందుకు కాస్త నిరాశపడి డబ్బిచ్చి ఇంటికొచ్చింది.

ఆమె పుట్టుకతోనే ఇలాంటిదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఇది ఉద్యోగం నేర్పిన చదువు. ఊళ్ళోని ఫోన్లన్నీ ఒకచోట కలిసే ఎక్స్ఛేంజిలో ఆమె ఆపరేటరు. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ముందు ఆమె 'హలో' వినాల్సిందే, ఆ పేరు అలా అంటుకుంది. గోడంత బోర్డు, బోర్డునిండా చిల్లులు. ఒక తీగ లాగి ఇంకో చిల్లులో గుచ్చితే ఎక్కడో ఇద్దరు మనుషులు కలుస్తారు. తలకు బిగించుకునే హెడ్‌సెట్టుకు ఒకటే చిప్ప, అది ఎడమ చెవికి. కుడిచెవి ఖాళీగా ఉంచాలి, పక్కసీటు మనిషి కేకేస్తే వినపడడానికి. "ఎడమ చెవి ఆఫీసుది, కుడి చెవి మనది," అని చేరిన రోజునే పెద్దావిడ చెప్పింది. పెద్దావిడంటే అక్కడి సీనియరు ఆపరేటరు, ఆమె మాటకు తిరుగులేదు. ఎవరి హెడ్‌సెట్టు వాళ్ళదే. ఒకరిది ఒకరు పెట్టుకోకూడదు, కుడివైపుకు తిప్పి పెట్టుకోకూడదు. చెవి అలసిందని తిప్పి పెట్టుకున్న అమ్మాయిల వేళ్ళమీద పెద్దావిడ పెన్సిలుతో కొట్టేది. హలో అక్కయ్య ఒక్క దెబ్బా తినలేదు. ఆ సంగతి ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది.

లైను కలిసిందో లేదో చూసుకోవడానికి రెండు మాటలు వినొచ్చని రూలు. ఆ రెండు మాటల్లోనే లోకం బండారమంతా బయటపడేది. "దారిలో ఉన్నాను, వచ్చేస్తున్నా," అని సొంత ఇంటి ఫోనులోంచే చెప్పే పెద్దమనిషి. "ఆయన ఊళ్ళో లేరండీ," అని తన గొంతుతోనే తన గురించి చెప్పే వ్యాపారి. ఒకే మధ్యాహ్నం ఇద్దరికి ఫోన్ చేసి, ఇద్దరితోనూ నువ్వు తప్ప నాకెవరున్నారని కళ్ళనీళ్ళు పెట్టుకున్న కుర్రాడు. ఆమెకొచ్చిన ఒకే ఒక్క మంచి సంబంధం కూడా ఆ బోర్డుమీదే తేలిపోయింది. చూసి వెళ్ళిన పెళ్ళికొడుకు మర్నాడు స్నేహితుడికి ఫోన్ చేశాడు. కలిపింది ఈమే. "పిల్ల సంగతి అలా ఉంచరా, గవర్నమెంటు ఉద్యోగం," అన్నాడతను. ఆమె తీగ పీకేసింది. లైను తెగింది, సంబంధమూ తెగింది. ఇంట్లో కారణమడిగితే లైను బాగాలేదని చెప్పింది.

ఇన్నేళ్ళలో ఆమె పట్టుకున్న రహస్యం ఒకటుంది. అబద్ధం చెప్పబోయేవాడు మాటకు ముందు చిన్న ఊపిరి పీలుస్తాడు. నిజం చెప్పడానికి ఆ ఊపిరి అక్కర్లేదు, నిజం గబుక్కున వచ్చేస్తుంది. ఈ కొలత పెట్టుకుని ఆమె లోకాన్ని కొలుస్తూ వచ్చింది. ఆ కొలతకు చిక్కని మనిషి ఒక్కరే ఉండేవారు, చెల్లెలు. ఇప్పుడు ఆ నమ్మకం కూడా పోయింది.

ఇల్లు అక్కచెల్లెళ్ళిద్దరి పేరా ఉంది. కింద చెల్లెలూ మరిదీ, పైన హలో అక్కయ్య. భోజనం మాత్రం ముగ్గురికీ కిందే, గుండ్రటి బల్ల దగ్గర. ఎవరి కుర్చీ వాళ్ళది. అక్క కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ఆమెకు ఎడమపక్క చెల్లెలు, ఎదురుగా మరిది. ఇల్లు కట్టిన దగ్గర్నుంచీ అదే వరస. తిన్నంతసేపూ అక్కచెల్లెళ్ళు కబుర్లాడుకుంటే మరిది పేపరు చదువుకునేవాడు.

కొన్నాళ్ళుగా చెల్లెలు గొంతు తగ్గించి మాట్లాడుతోందని అక్కకు అనిపించసాగింది. పెదాలు కదులుతాయి, మాట రాదు. మరిది తల ఊపుతాడు. ఇద్దరి మధ్యా ఏదో నడుస్తోంది. ఒక మధ్యాహ్నం చెల్లెలు అసలే ముభావంగా ఉంది. అక్కవైపు చూడకుండా మొగుడితో ఏదో గొణిగింది. హలో అక్కయ్య చెంచా కింద పెట్టేసింది.

"ఏమిటా గుసగుస?"

"గుసగుసేమిటి? ఉప్పు ఇటు జరపమన్నాను," అంది చెల్లెలు.

"ఉప్పుకు గుసగుస ఎందుకు?"

"నీకు జవాబు చెప్పాలనిపించినప్పుడే చెవులు పనిచేస్తాయి కాబోలు," అంది చెల్లెలు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క ఆ నీళ్ళను కూడా నమ్మలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందనుకుని, పళ్ళెం అలాగే వదిలి మేడెక్కింది. ఆ తరువాత కిందికి దిగి తినలేదు.

అనుమానానికి కాపలా కుర్చీ వేసిస్తే అది ఊరికే కూర్చోదు కదా. పై వరండాలో నిలబడి చూస్తే ఒక పొద్దున చెల్లెలూ మరిదీ అద్దెకారెక్కుతున్నారు. మరిది చంకలో అట్టలున్న ఫైలు. ఇంటి కాగితాలే, సందేహం లేదు! పై భాగం ఎవరికో రాసిచ్చేయడానికి వెళ్తున్నారు. సాయంత్రం తిరిగొచ్చినప్పుడు చెల్లెలు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మొగుడి చెయ్యి పట్టుకుని దిగింది. ఈ వయసులో షోకులు! అయినా తప్పు చేసినవాళ్ళకే కళ్ళు దాచుకోవాల్సిన అవసరం వస్తుందని తీర్మానించుకుంది. మర్నాడూ అవే అద్దాలు, ఆ మర్నాడూ అవే. చెల్లెలు ఒకసారి తలెత్తి వరండా వైపు చూసింది. అక్క గబుక్కున లోపలికెళ్ళిపోయి హెడ్‌ఫోన్ తగిలించుకుంది.

అదిగో, అప్పటినుంచే ప్లేయరు ఆమెకు తోడైంది. ఒక్కతే వండుకుంటూ, ఒక్కతే తింటూ, చెవుల్లో పాటలు పెట్టుకుని ఇంటి నిశ్శబ్దాన్ని మూసిపెట్టేది. చెల్లెలి గొంతు వినకుండా ఉండడం అంత కష్టమని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అందుకే ఆ ప్లేయరు కూడా ఎదురుతిరిగితే తట్టుకోలేకపోయింది.

మెకానిక్కు దగ్గర్నుంచి వచ్చి, తలుపేసుకుని, మంచంమీద కూర్చుని తనకిష్టమైన పాట పెట్టింది. అందులో మొదట వేణువు వస్తుంది, ఎడమపక్క నుంచి. తరువాత గొంతు మధ్యలోకి వస్తుంది. ఆమెకు ఆ వేణువంటే ప్రాణం. కరకర లేదు, గొంతు ముత్యంలా వచ్చింది. వేణువు మాత్రం ఎక్కడో దూరంగా, తలుపు అవతల ఎవరో వాయిస్తున్నట్టు ఉంది. శబ్దం పెంచింది. కుడిపక్క చెవి పగిలేలా మోగింది, ఎడమపక్క అదే దూరం.

"నా కళ్ళముందే మోసం చేశాడు," అంది పైకే. ఎలా చేశాడో మాత్రం తట్టలేదు. మరలు తన చేతిలోనే ఉన్నాయి, మూత తన ముందే బిగించాడు. అయినా చేసే ఉంటాడు. నేర్పరులకు కళ్ళముందు చేయడమే తేలిక.

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. మెకానిక్కు హెడ్‌ఫోన్ తీసుకుని తన చెవులకు పెట్టుకున్నాడు. "రెండు పక్కలా సమానంగా ఉందమ్మా."

"నీ పని నీ చెవికి బాగానే ఉంటుంది."

అతను సొరుగులోంచి వేరే హెడ్‌ఫోన్ తీసి తగిలించి ఆమెకిచ్చాడు. అందులోనూ ఎడమ తక్కువే. "చూశావా?" అంది ఆమె విజయగర్వంతో. "తీగది కాదు తప్పు, నువ్వు పెట్టిన అతుకుదే."

మెకానిక్కు ఆమెవైపు చూశాడు. కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. చిన్న ఊపిరి పీల్చాడు. ఆమెకు అది చాలు.

"ఒక్కసారి దీన్ని తిప్పి పెట్టుకుని చూస్తారా? ఎడమది కుడికి, కుడిది ఎడమకి."

"తిప్పి పెట్టుకునేదేమిటి?" ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "దీనిమీద ఎడమకో గుర్తు, కుడికో గుర్తు అచ్చువేసి ఉన్నాయి. ఎడమది ఎడమకే. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ తిప్పి పెట్టుకోలేదు. నీ తప్పు తీసుకెళ్ళి నా కుడిచెవికి అంటగడదామనా?"

"అది కాదమ్మా... పోనీ, ఇంట్లో ఇంకెవరిచేతనైనా వినిపించి చూడండి. వాళ్ళకీ తక్కువే అంటే మళ్ళీ విప్పుతాను, డబ్బేం వద్దు."

డబ్బు వద్దన్నాడంటే ఏదో ఉందనుకుంది. విసవిసా వచ్చేసింది.

ఇంట్లో ఇంకెవరున్నారు? చెల్లెలిచేత వినిపించాలంటే ముందు చెల్లెలితో మాట్లాడాలి. గేటు దగ్గర మరిది మొక్కలకు నీళ్ళు పెడుతూ కనిపించాడు. సాక్ష్యం ఎవరు చెప్పినా సాక్ష్యమే అనుకుని హెడ్‌ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

"ఇది వినండి. ఎడమపక్క ఎలా ఉందో చెప్పండి. నిజం చెప్పండి."

ఆయన గొట్టం కింద పడేసి, చేతులు తుడుచుకుని తలకు తగిలించుకున్నాడు. మొహం విచ్చుకుంది. "అబ్బ! ఆ వేణువు ఎంత బాగుంది వదినా! ఇటుపక్క చెవిలో కూర్చుని వాయిస్తున్నట్టుంది."

ఇటుపక్క అంటూ ఆయన తట్టింది ఎడమచెవినే. హలో అక్కయ్య ఆయన్ని నఖశిఖపర్యంతం చూసింది. పోయిన నెల ఈయన ఆ మెకానిక్కు కొట్టు ముందు నిలబడి నవ్వుతూ మాట్లాడడం తను చూసింది. ఇప్పుడర్థమైంది!

"మీరూ మీరూ ఒకటయ్యారన్నమాట."

"ఎవరం వదినా?" ఆయన హెడ్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఏదో చెప్పాలని చూశాడు. ఊపిరి పీల్చాడు. "వదినా, మీరు ఒక్కసారి కిందికొచ్చి మీ చెల్లెల్ని..."

"అబద్ధం వస్తోంది, వద్దు," అని హెడ్‌ఫోన్ లాక్కుని మేడెక్కేసింది.

గదిలోకొచ్చి కూర్చున్నాక ఆమెకు కాస్త ఆయాసం తగ్గింది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషే అయినా, వృత్తిమీద గౌరవం ఉన్న మనిషి కూడా. ఫిర్యాదు చేసేముందు తప్పెక్కడుందో తేల్చాలి, అది ఎక్స్ఛేంజి పద్ధతి. బోర్డుమీద ఒక లైను సరిగా పలకకపోతే ఏం చేసేవాళ్ళు? పెద్దావిడ వెనక నిలబడి అరిచేది: "తీగ మార్చి చూడవే! తప్పు తీగతోపాటు కదిలితే తీగది. కదలకుండా ఉన్నచోటే ఉంటే లైనుది." ఎన్ని వందలసార్లు చేసిందో ఆ పని. మెకానిక్కు చెప్పింది కూడా అచ్చంగా అదేనని అప్పుడు తట్టింది. తను అడగాల్సిన ప్రశ్న వాడడిగాడు. సరే, వాణ్ణి పట్టుకోవడానికైనా తిప్పి పెట్టుకుందాం. ఎడమ చిప్ప కుడిచెవికొచ్చి, అక్కడా వేణువు దూరంగానే ఉంటే, అతుకు తప్పని వాడి మొహానే కొట్టొచ్చు.

హెడ్‌ఫోన్ తిప్పింది. పెద్దావిడ పెన్సిలు ఎక్కడినుంచో వేళ్ళమీద పడుతుందేమోనన్నట్టు ఒక్కక్షణం ఆగి, తగిలించుకుంది.

వేణువు వచ్చింది. కుడిచెవిలో, ఇంత దగ్గరగా, వాయించేవాడి ఊపిరి కూడా వినపడేంత స్పష్టంగా వచ్చింది. ఎన్నాళ్ళయింది దాన్ని విని! ఆమె మొహం వెలిగింది. ఆ వెలుగు అక్కడే ఆగిపోయింది. ఎడమచెవిమీద ఇప్పుడున్నది మంచి చిప్ప, ఇందాకటిదాకా కుడిపక్క చెవి పగిలేలా మోగినది. అది దూరంగా, తలుపు అవతల ఎక్కడో ఉంది.

మళ్ళీ తిప్పింది. మళ్ళీ తిప్పింది. తప్పు తీగతో కదల్లేదు. ఉన్నచోటే ఉంది.

ఆమెకు భయం వేసింది. ఉద్యోగమంతా మోసిన చెవి అది. ఊరి అబద్ధాలన్నిటినీ పట్టుకున్న చెవి. ఎప్పుడు పోయింది? తనకు తెలియకుండా, చెప్పాపెట్టకుండా ఎలా పోయింది? చూపుడువేలిని బొటనవేలితో రాపాడించి కుడిచెవి దగ్గర పెట్టింది. గరగర. ఎడమచెవి దగ్గర పెట్టింది. ఏమీలేదు. కుడిచెవి దిండులో పెట్టి పడుకుని చూసింది. గోడ గడియారం ఆగిపోయింది, వీధి ఆగిపోయింది. రోజూ ఇలాగే పడుకుని, రాత్రిళ్ళు మొరుగుడు వినపడక, ఎదురింటి కుక్కను ఎవరికో ఇచ్చేశారని తనే అందరితో అంది కూడా! తల ఎత్తితే అది ఇప్పుడే మొరుగుతోంది.

ఇక అక్కణ్ణుంచి ఆలోచన ఆగలేదు. కూరగాయలామె ధర ఒకసారి చెప్పి మాట మార్చిందని పోట్లాడింది. బస్సులో పక్కసీటావిడ పలకరిస్తే పలకని పొగరుబోతని పేరు తెచ్చుకుంది. ఒక్కొక్కటే గుర్తొస్తుంటే ఆమెకు సిగ్గేసింది. మనుషులు గొంతులు తగ్గించలేదు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా ఉన్నట్టు, తనకు లోకమంతా గుసగుసలాడింది. ఆ గుండ్రటి బల్ల దగ్గర చెల్లెలు ఎటుపక్క కూర్చుంటుంది?

హలో అక్కయ్య చాలాసేపు మెట్ల మొదట్లో నిలబడింది. తప్పు ఒప్పుకోవడం అలవాటు లేని కాళ్ళు, మెట్లు దిగమంటే మొరాయించాయి. చివరికి రెయిలింగు పట్టుకుని దిగింది.

కింద భోజనాల బల్ల దగ్గర చెల్లెలు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బీన్సు నార తీస్తోంది. కళ్ళతో కాక వేళ్ళతో తడుముతూ తీస్తోంది. అక్కను చూసి చేతులు ఆగాయి. హలో అక్కయ్య తన కుర్చీ వైపు వెళ్ళలేదు. బల్ల చుట్టూ తిరిగి, చెల్లెలు తనకు కుడిపక్కకు వచ్చేలా, అవతలి కుర్చీ లాక్కుని కూర్చుంది.

చెల్లెలు అనుమానంగా చూసింది. ఒకే కడుపున పుట్టినవాళ్ళు మరి. "ఏమిటి, ఇవాళ కుర్చీ మారింది?"

"ఆ రోజు ఉప్పే అడిగావా?"

"ఏ రోజు?"

"నేను లేచి వెళ్ళిపోయిన రోజు. నిజంగా ఉప్పే అడిగావా?"

"ఉప్పే అడిగానక్కా. కూరలో ఉప్పు లేదు." మధ్యలో ఊపిరి లేదు. ఆ మాట హలో అక్కయ్య కుడిచెవిలోకి తిన్నగా వచ్చి పడింది.

"నాకు ఎడమచెవి వినపడ్డంలేదే. ఇవాళే తెలిసింది."

చెల్లెలి చేతిలో బీన్సు కాయ అలాగే ఉండిపోయింది. అద్దాల వెనక మొహం మెల్లగా మారింది. "ఎన్నాళ్ళనుంచి?"

"తెలియదు. ఏడాదేమో, ఇంకా ఎక్కువేమో. ఎందుకు?"

"ఆ ఉప్పు గొడవకి ముందురోజు నేను నిన్నొకటి అడిగాను. నువ్వు జవాబు చెప్పలేదు. గిన్నెలు కడుక్కుంటూ కడుక్కుంటూ, చెయ్యి తుడుచుకుని పైకెళ్ళిపోయావు."

"ఏమడిగావు?"

"నా కంట్లో శుక్లం ముదిరింది, ఆపరేషనుకి తారీఖు ఇచ్చారు, నాకు భయంగా ఉంది, ఆ రోజు నా పక్కన ఉంటావా అని." చెల్లెలు చేతిలోని కాయ బల్లమీద పెట్టేసింది. "రెండుసార్లు అడిగాను. నువ్వు పలకలేదు. దీనికి నా కన్నుపోయినా పట్టదు అనుకున్నాను."

అద్దెకారు. అట్టల ఫైలు. నల్లకళ్ళద్దాలు. హలో అక్కయ్య అడగగలిగింది ఒకటే.

"ఎటుపక్క నిలబడి అడిగావు?"

చెల్లెలు వంటగది వైపు తలతిప్పింది. నీళ్ళ కుళాయి ఎటు, పొయ్యి ఎటు, అక్క ఎటు తిరిగి నిలబడిందో చేత్తో గాలిలో కొలుచుకుంది. తరువాత లేచి వచ్చి, వెనకనుంచి అక్క ఎడమ భుజంమీద చెయ్యి వేసింది.

"ఇక్కడ. ఇంత దగ్గరగా."

హలో అక్కయ్య ఆ చేతిని పట్టుకుంది. ఆమెకు ఏడుపు ఆగలేదు. "చెప్పు కుట్టించుకున్నా ఎదురుగా కూర్చుని చూసుకునేదాన్ని. నిన్న ఆ పెట్టెకు అతుకు వేస్తుంటే మరలు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నీ కన్ను కోస్తుంటే పైన కూర్చుని పాటలు విన్నానే!"

చెల్లెలు కూడా ఏడ్చింది. మందు వేసిన కంట్లో నీళ్ళు రాకూడదని గుర్తొచ్చి, చేతిగుడ్డతో అద్దుకుంటూ ఏడ్చింది. గుమ్మంలో మరిది నీళ్ళగొట్టం పట్టుకుని నిలబడి, వచ్చిన దారినే మొక్కల దగ్గరికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి అక్క ముక్కు తుడుచుకుని, "రెండో కంటికి కూడా చేస్తారా?" అని అడిగింది.

"వచ్చేనెల రమ్మన్నారు."

"నేనొస్తాను. ఆ డాక్టరు నన్ను లోపలికి రానిస్తాడా?"

"రానివ్వరక్కా. తలుపు బయట కూర్చోవాలి."

కళ్ళముందు జరగని పనిని హలో అక్కయ్య ఇంతవరకూ ఒప్పుకున్నది లేదు.

"సరే," అంది. "బయటే కూర్చుంటాను. కుడిచెవి తలుపువైపు పెట్టుకుని కూర్చుంటాను. భయమేస్తే పిలువు."